పిడికెడు మురికి

ఓబులేసు బాధల్లా ఒక్కటే. ఎంత కడిగినా మనసు శుభ్రపడటం లేదు.

ఆదోని మునిసిపాలిటీలో ముప్పై రెండేళ్లు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఊరి కాలువలన్నీ తీయించినవాణ్ని, నా లోపలి కాలువ ఒక లెక్కా అనుకున్నాడు. కోపం మానేశాడు. పేకాట మానేశాడు. ఉల్లిపాయ మానేశాడు. బావమరిదితో మాటలు ఎలాగూ తక్కువే, అవీ మానేశాడు. ఇన్ని మానేసి కళ్లు మూసుకుని కూర్చుంటే, సరిగ్గా మధ్యలో ఉల్లిపాయ వచ్చి కూర్చునేది. దాని పక్కన బావమరిది.

పత్తి మార్కెట్టు వెనక చిన్న గదిలో బొంతలు కుట్టుకుంటూ బతికే దస్తగిరి తాత అనే ఫకీరును ఓబులేసు గురువుగా పట్టుకున్నాడు. తాత తన శిష్యులకు చెవిలో ఒక మాట చెబుతాడని, అది పట్టుకుంటే మనసు నిలుస్తుందని విన్నాడు.

"స్వామీ, నాకు ఆ మాట ఎప్పుడు చెప్తారు?"

తాత సూదిలో దారం ఎక్కిస్తూ గడ్డంతో మూలకు చూపించాడు. అక్కడ ఒక చిన్న గాజు తొట్టి ఉంది. ట్రాన్స్‌ఫరై పోతూ ఎవరో భక్తుడు వదిలివెళ్లిన అక్వేరియం. కలకబారిన నీళ్లలో మూడు బంగారు చేపలు.

"ముందు వీటిని చూసుకో అబ్బీ. నీళ్లు తేటపడినాక చెప్తా."

ఓబులేసు లోలోపల నవ్వుకున్నాడు. ఊరంత ఊరిని చూసినవాడికి పరీక్ష పెట్టడానికి నాలుగు బిందెల నీళ్లా!

చేపల్ని బిందెలోకి మార్చాడు. పాత నీళ్లన్నీ పారబోశాడు. గులకరాళ్లను ఉడికించి ఎండబెట్టాడు. గాలిబుడగల గొట్టానికి తొడిగిన స్పాంజిని కుళాయి కింద బ్రష్షుతో రుద్ది రుద్ది, కొన్నప్పటికంటే కొత్తగా చేశాడు. బ్లీచింగు పౌడరు కోసం చెయ్యి లాగింది గానీ, చేపలు మునిసిపాలిటీ పరిధిలోకి రావని ఆగాడు. కుళాయి నీళ్లలో మందు కలుపుతారని తెలిసినవాడు కనక ఆ నీళ్లను ఒక రోజు నిలవబెట్టి మరీ పోశాడు. తొట్టి అద్దంలా మెరిసింది.

మూడో రోజుకు నీళ్లు గంజిలా తెల్లబడ్డాయి.

మళ్లీ అంతా కడిగాడు. ఈసారి రెండో రోజుకే గంజి. ఒక చేప వెల్లకిలా తేలింది.

కడిగేకొద్దీ మురికి పెరగడమేమిటి? సర్వీసులో ఇలాంటి కేసు తగల్లేదు. నోటుబుక్కు తీసి తేదీలు వేసుకున్నాడు. మేత తగ్గించి చూశాడు. కిటికీ మూసి చూశాడు, తెరిచి చూశాడు. ఒక లోటాడు నీళ్లు తీసి వాసన చూశాడు. చేప వాసన వచ్చింది. అది కూడా రాసుకున్నాడు.

మూడోసారి కడిగాక రెండో చేప పోయింది. మిగిలిన ఒక్కటీ నీటి పైకొచ్చి నోరు తెరుస్తూ, మూస్తూ ఉంది. ఓబులేసు దాని ముందు గొంతుకూర్చున్నాడు. మాట సంగతి మరిచిపోయాడు. ఇది బతికితే చాలనిపించింది. నాలుగోసారి కడగడానికి బ్రష్షు అందుకున్నాడు.

దస్తగిరి తాత లేచి వచ్చి బ్రష్షు తీసుకుని పక్కన పెట్టాడు. దాని బదులు చేతిలో ఒక గిన్నె పెట్టాడు.

"మన ఉరుకుందు టీకొట్టులో చేపల తొట్టి ఉండాది. పోయి పిడికెడు మురికి అడుక్కోనిరా."

ఓబులేసుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గిన్నె కింద పెట్టేశాడు. ఉరుకుందు కొట్టులోని ఆ తొట్టిని చూసి, "అపరిశుభ్రం" అని మూడుసార్లు నోటీసు రాసిన చెయ్యి ఇదే.

చేప నోరు తెరిచింది. ఓబులేసు గిన్నె పట్టుకుని బయలుదేరాడు.

టీకొట్టు బెంచీ మీద నలుగురున్నారు.

"ఏం సార్, రిటైరైనా నోటీసులు అయిపోలేదా?" అన్నాడు ఉరుకుందు గ్లాసులు కడుగుతూ.

"నోటీసు కాదు ఉరుకుందూ. మురికి కావాల."

"ఏంది?"

"మీ తొట్టిలో మురికి. పిడికెడు."

బెంచీ మీది ముసలాయన టీ మింగబోయి దగ్గాడు. "ముప్పై ఏండ్లు ఊరంతా ఎత్తి పారబోయిస్తివే. అప్పుడే కొంచెం దాచి పెట్టుకోవల్ల."

"బుద్ధి లేకపాయ," అన్నాడు ఓబులేసు. నలుగురూ నవ్వారు. తనకూ నవ్వొచ్చింది. ఆ బెంచీ ముందు తను నవ్వడం అదే మొదలు.

ఉరుకుందు మాత్రం నవ్వలేదు. తొట్టిలో చెయ్యి పెట్టి, నల్లగా జిడ్డోడే స్పాంజిలోంచి ఒక ముక్క తుంచి గిన్నెలో వేశాడు. తొట్టి నీళ్లే కాసిని దాని మీద పోశాడు. ఆ తొట్టిలో ఆరు చేపలు, ఒక్కొక్కటి అరచేయంత, తాపీగా తిరుగుతున్నాయి.

"ఎండ తగలనీయొద్దు సార్. కుళాయి కింద పెట్టొద్దు. చచ్చిపోతాది."

"ఏం చచ్చిపోతాది?"

"మురికి."

ఓబులేసు గిన్నె మీద భుజం మీది తువ్వాలు కప్పి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు.

తాత ఆ ముక్కను తొట్టిలోనే పిండాడు. నీళ్లు మట్టిరంగుకు తిరిగాయి. ఓబులేసు పళ్లు బిగబట్టి చూశాడు. పిండిన ముక్కను తాత గొట్టానికి స్పాంజి పక్కనే దారంతో కట్టాడు.

"ఇంక దినామూ రెండు చెంబులు తీసి, రెండు చెంబులు పొయ్యి. అంతే."

"మిగిలిన నీళ్లు?"

"ఆ మురికిలో కంటికి కనపడని జీవాలుండాయి. వాటిని వాటి పని చేసుకోనీ."

రెండు చెంబులు తీసి రెండు చెంబులు పోస్తూ కూర్చోవడం ఓబులేసుకు ఊరు కడగడం కంటే కష్టమైంది. మూడో రోజు చేప పైనుంచి కిందికి దిగింది. ఆరో రోజు పొద్దున తొట్టిలోంచి చూస్తే అవతలి గోడ మీది క్యాలెండరులో తేదీలు కనిపించాయి. ఆ నల్లముక్క నల్లగానే ఉంది. చేప దాన్ని మూతితో పొడిచి చూస్తోంది.

"ఇట్ల రా," అన్నాడు తాత.

ఓబులేసు వెళ్లి వంగాడు. తాత అతని చెవిలో మాట చెప్పాడు.

ఓబులేసు నడుం ఎత్తి నిలబడ్డాడు.

"ఇదా స్వామీ? ఇది మా యమ్మ జొన్నలు విసురుతా అంటాండె గదా."

తాత బొంత దగ్గరికి పోయి కూర్చుని, దారం కొరికాడు.

"దాన్ని గూడా కడిగి పారేసింటావేమో అనుకుంటి."