పేరు మరిచిన జాడీ

వరి పండనంత చలి ఉన్న కొండల నడుమ ఒకానొక రాజ్యం ఉండేది. దాని పేరు ధవళాద్రి. అక్కడ పండే ధాన్యం యవలు ఒక్కటే. యవలంటే బార్లీ గింజలు. పొద్దున యవల జావ, మధ్యాహ్నం యవల రొట్టె, సాయంత్రం యవసుర. ఆ దేశంలో ఎవరికీ విసుగు పుట్టేది కాదు. తినడానికి ఇంకొక ధాన్యం ఉంటుందని వాళ్లకు తెలియదు మరి.

జావ, రొట్టెల సంగతి ఎలా ఉన్నా, యవసుర మాత్రం గొప్పది. గింజలను నానబెట్టి, మొలకెత్తించి, దోరగా వేయించి, పాకంలా చిక్కబడేదాకా కాచి పులియబెట్టేవారు. ఆ తరువాత జాడీలో పోసి, మూతికి లక్క వేసి, కోట కింది నేలమాళిగలో ఏళ్ల తరబడి దాచేవారు. కొత్తలో అది గొంతులోంచి గొడ్డలిలా దిగేది. కొన్నేళ్లు చీకట్లో కూర్చుంటే మెత్తబడేది. ఇంకా కూర్చుంటే తేనె, ఎండుద్రాక్ష, మాడిన బెల్లం, పేరు తెలియని రుచులు మరికొన్ని వచ్చి చేరేవి. మనుషుల్లో కూడా కొందరు అలాగే అవుతారు. అందరూ కారు.

ఆ మాళిగలో ఒక ఆచారం ఉండేది. జాడీ మీద గీత గీయకూడదు, గుర్తు పెట్టకూడదు, పేరు రాయకూడదు. వయసు రాస్తే సురకు దిష్టి తగిలి అక్కడితో పెరగడం మానేస్తుందని వాళ్ల నమ్మకం. కనుక ఏ జాడీ ఏ ఏటిదో మాళిగ చూసుకునే మనిషి గుర్తుంచుకోవాలి. ఆ పని తల్లి నుంచి కూతురికి వచ్చేది. జాడీ పేరు మరిచినవారు కోట గడప దాటి వెళ్లిపోవాలన్నది రాజుగారి తాతగారు పెట్టిన కట్టడి. ఫలానావారే అని అందులో లేదు. మరిచినవారు, అంతే.

ఈ కథ నాటికి ఆ పని చేస్తున్నది మాచమ్మ అనే, కూతుళ్లు లేని ముసలావిడ. మాళిగలోనే ఆమె జుట్టు నెరిసింది. రోజూ పొద్దున్నే దీపం పట్టుకుని దిగి, ఒక్కొక్క జాడీ పొట్ట మీద చెయ్యి వేసి పలకరించేది. "నువ్వు మిడతలొచ్చిన ఏడు. నువ్వు వంతెన కట్టిన ఏడు. నువ్వు రెండు తలల దూడ పుట్టిన ఏడు." బడిలో పంతులు పిల్లల పేర్లు పిలిచినట్టే ఉండేది. జాడీలు పలికేవి కావు కానీ, పలికినట్టే తలూపి ఆమె ముందుకు వెళ్లేది.

ధవళాద్రిని ఏలేది ఉద్దండవర్మ. ఆయనకు బిరుదులు చాలా ఉన్నాయి. అన్నీ చెబుతూ కూర్చుంటే కథ నడవదు. ఆయనకు అన్నింటికంటే గర్వం తన నాలుక మీద.

"మేము ఒకసారి రుచి చూసిన సురను జన్మలో మరువం," అనేవారు.

"ఆహా!" అనేవారు సభలోని వారు.

తాను మరువని మనిషి కనుక మరిచేవాళ్లంటే రాజుగారికి గిట్టదు. తన ఏడో బిరుదు మరిచినందుకు ఒక స్తోత్రపాఠకుణ్ణి గుర్రపుశాలకు పంపారు. గుర్రాలకు బిరుదులు అక్కర్లేదు కనుక అతడు అక్కడ సుఖంగానే ఉన్నాడు.

ఆ ఏడు వానాకాలంలో మాచమ్మకు జ్వరం తగిలింది. ఆ జ్వరం కొన్నాళ్లుండి పోయింది. పోతూ పోతూ చివరి వరసలోని నాలుగు జాడీల పేర్లను వెంట తీసుకుపోయింది.

పేర్లు విడిగా ఆమెకు గుర్తున్నాయి. పట్టాభిషేకం ఏడు, రాణీగారు కాపురానికి వచ్చిన ఏడు, పెద్దమంచు ఏడు, కరువు తీరిన ఏడు. ఏ పేరు ఏ జాడీదో మాత్రం తెలియదు. చెయ్యి వేసి నిలబడేది. చేతికి చల్లగా తగిలేది, అంతే.

సరిగ్గా అప్పుడే రాజుగారు చాటింపు వేయించారు. తాము పట్టం కట్టుకుని పాతికేళ్లయిన సందర్భంగా పట్టాభిషేకం జాడీని నిండుసభలో తెరిపిస్తారట. పొరుగుదేశపు రాజూ తమ మామగారూ అయిన కీర్తిసింహుడు కూడా వస్తున్నారట.

మాచమ్మ ఎవరికీ చెప్పుకోలేక, సభకు ముందురోజు గుండన్న దగ్గరికి వెళ్లింది. గుండన్న ఆస్థానంలోనే ఉండేవాడు. అతని ఉద్యోగం ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. అడిగితే తీసేస్తారేమోనని అతడూ అడగలేదు.

"గుండన్న బాబూ, రేపటికి నేను కోటలో ఉండను," అంది మాచమ్మ.

"ఎక్కడికి పెద్దమ్మా ప్రయాణం?"

"అదే తెలియడం లేదు. నాకు తెలిసింది మాళిగ ఒక్కటే. ఈ వయసులో వెలుతురులో బతకడం కొత్తగా నేర్చుకోవాలి." ఆమె సంగతంతా చెప్పి, చివర మెల్లగా అంది, "బయటికి పంపుతారని కాదు బాబూ నా దిగులు. ఇవాళ నాలుగు పోయాయి. మిగతావీ పోతాయేమోనని. నేను పిలవకపోతే వాటిని ఎవరు పిలుస్తారు?"

గుండన్న కాసేపు చెవి గోక్కున్నాడు.

"పెద్దమ్మా, రేపు సభలో నిన్ను ఎవరేం అడిగినా 'రాజుగారి నాలుక ఉండగా నేను చెప్పేదేముంది' అను. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకు."

"అది గుర్తుంటుందిలే," అంది మాచమ్మ. వెంటనే దిగులుపడి, "ఏమన్నావు, ఇంకోసారి చెప్పు," అంది.

మరునాడు సభ తీరింది. సింహాసనం మీద ఉద్దండవర్మ, పక్క ఆసనం మీద కీర్తిసింహుడు. ఈయన సన్నగా, ఊపిరి కూడా పొదుపుగా వాడుకునే మనిషి.

"మామగారూ, పాతికేళ్ల కిందట ఆ జాడీకి లక్క వేసేముందు మేము ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నాం. ఆ రుచి ఇప్పటికీ ఇక్కడే ఉంది," అన్నారు రాజుగారు, నాలుక చూపించి.

"సంతోషం అల్లుడుగారూ. పోయినసారి వచ్చినప్పుడు నన్ను మా తమ్ముడనుకుని పలకరించారు. నాలుక సంగతి వేరేమో."

"అప్పుడు వెలుతురు చాలలేదు," అని రాజుగారు గబగబా మాచమ్మ వైపు తిరిగారు. "ఊ, తెప్పించు పట్టాభిషేకాన్ని!"

మాచమ్మ చేతులు జోడించింది. "రాజుగారి నాలుక ఉండగా నేను చెప్పేదేముంది?"

సభలో గుసగుస పుట్టింది. గుండన్న లేచి నిలబడ్డాడు.

"నిజమే మహారాజా! ప్రపంచంలో ఏ రాజైనా ఎవరో చెబితే జాడీ తెరుస్తాడు. ఏ సురనూ మరువని నాలుక మనకుండగా ఒక ముసలావిడ జ్ఞాపకం మీద ఆధారపడితే ఆ నాలుకకు ఎంత అవమానం! చివరి వరసలోని నాలుగు జాడీలూ తెప్పించాను. తమరు రుచి చూసి, ఇదీ పట్టాభిషేకం అని చెప్పండి. పెద్దమ్మ నోరు మూసుకుని నిలబడుతుంది."

"ఆహా!" అన్నారు సభవారు, అలవాటు కొద్దీ.

"బాగుంది, చూడవలసిందే," అన్నాడు కీర్తిసింహుడు. అంత ఉత్సాహంగా ఆయన మాట్లాడటం అదే మొదటిసారి.

రాజుగారికి వెనక్కి పోయే దారి కనిపించలేదు. "తెరవండి," అన్నారు గంభీరంగా.

నాలుగు జాడీల లక్క పగలగొట్టారు. ఆ దేశంలో నోట్లో పోసుకున్న యవసురను ఉమ్మడం పండిన నేలను తిట్టడంతో సమానం. కనుక ప్రతి గిన్నె మింగవలసిందే. అది చిన్న గిన్నెలో పోసినా పెద్ద మనుషులను పడుకోబెట్టగల సుర.

మొదటి గిన్నె. రాజుగారు వాసన చూశారు, కళ్లు మూశారు, మింగారు. "ఎండుద్రాక్ష. వెనకాల కాస్త మాడిన బెల్లం."

"మాకూ బెల్లమే తగిలింది!" అన్నారు సభవారు. వాళ్లకు ఇంకా గిన్నెలే ఇవ్వలేదు.

రెండో గిన్నె. "తేనె. అడుగున చేదు. ఇది..." అని రాజుగారు మొహం చిట్లించబోయారు.

"మహారాజా," అన్నాడు గుండన్న వినయంగా, "ఒక చిన్న మనవి. ఈ నాలుగింటిలో ఒకటి రాణీగారు కాపురానికి వచ్చిన ఏటిది."

చిట్లబోయిన మొహం అక్కడే ఆగిపోయింది. పక్కన కీర్తిసింహుడు అల్లుడి మొహాన్నే చూస్తున్నాడు.

"చేదు అంటే కమ్మని చేదు," అన్నారు రాజుగారు. "కాకరకాయ పులుసులో ఉంటుందే, అలాంటిది."

మూడో గిన్నెకు మాటలు తగ్గాయి. "బాగుంది," అన్నారు. నాలుగో గిన్నెకు తల మాత్రం ఊపారు. తరువాత మళ్లీ మొదటిది అడిగారు. అందులో ఇప్పుడు ఎండుద్రాక్ష లేదు. రెండోదానిలో ఉంది. మూడోదీ నాలుగోదీ కవలపిల్లల్లా ఉన్నాయి.

నాలుక మీద పాతికేళ్లుగా కాపలా కాసిన ఆ చుక్క ఎప్పుడు వెళ్లిపోయిందో రాజుగారికి తెలియదు. వెళ్లిపోయిందన్న సంగతి మాత్రం అప్పుడే తెలిసింది.

సభంతా ఎదురుచూస్తోంది. రాజుగారు మాచమ్మ కళ్లలోకి చూశారు, ఏదైనా సైగ దొరుకుతుందేమోనని. మాచమ్మ గుండన్నను చూసింది. గుండన్న పైకప్పు చూశాడు.

"మాచమ్మా, ఈ గిన్నె అంచు చూడు, శుభ్రంగా లేదు," అని రాజుగారు ఆమెను దగ్గరికి పిలిచారు. ఆమె వంగగానే గిన్నె అడ్డం పెట్టుకుని గుసగుసగా అన్నారు, "అవ్వా, ఏదో చెప్పు. పరువు పోతోంది. నాకు గుర్తులేదు."

సింహాసనం ఎక్కిన తరువాత ఆయన 'మేము' మాని 'నేను' అనడం అదే మొదలు.

"నాకూ గుర్తులేదు బాబూ," అంది మాచమ్మ, అంతే మెల్లగా.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రాజుగారి మొహం ఎర్రబడింది, గొంతు మాత్రం గిన్నె దాటలేదు.

"మరిచావా! జాడీ పేరు మరిచినవారు గడప దాటాలని తెలియదూ?"

గిన్నె తుడిచే గుడ్డ పట్టుకుని గుండన్న అప్పటికే పక్కకు చేరాడు. "దాటాలి మహారాజా. తాతగారి కట్టడి. మరిచినవారు, అని మాత్రమే ఉంది. పల్లకి ఒకటి చాలా, రెండు చెప్పమంటారా?"

రాజుగారు గుండన్న వైపు చూశారు. నాలుగు జాడీల వైపు చూశారు. కొంగు చివర మడత పెడుతూ నిలబడిన మాచమ్మ వైపు చూశారు. ఆయన గడ్డం కదిలింది. పొట్ట కదిలింది. ఆ తరువాత సింహాసనం కదిలేలా పగలబడి నవ్వారు.

రాజుగారి నాలుక తన జాడీని కనిపెట్టిందనుకుని సభవారు కూడా నవ్వారు.

"గుండన్నా," అన్నారు రాజుగారు నవ్వుతూనే, గొంతు తగ్గించి, "అవ్వ ఎక్కడికీ వెళ్లదు. నేనూ వెళ్లను. ఇప్పుడు మామగారికి ఏం చెప్పాలో చెప్పు."

గుండన్న సభ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"మహారాజుగారి తీర్పు వినండి! ఒక్క ఏటిని పొగిడితే మిగతా ఏళ్లు చిన్నబుచ్చుకుంటాయని ప్రభువుల మనసు. కరువు తీరకపోతే పట్టాభిషేకం ఎవరికి కావాలి? రాణీగారు రాకపోతే ఆ పట్టం ఎవరు చూసి మురవాలి? కనుక నాలుగింటినీ ఒకే గంగాళంలో పోయమని ఆజ్ఞ. పట్టాభిషేకం అందులో ఉంది. లేదనగలవారు ఎవరైనా ఉంటే ముందుకు రండి."

ఎవరూ రాలేదు. ఎలా వస్తారు?

పెద్ద ఇత్తడి గంగాళం తెచ్చి నాలుగు జాడీలూ ఒంపారు. మాచమ్మ పొడుగాటి కర్రతో కలిపింది. మొదటి గిన్నె కీర్తిసింహుడికి ఇచ్చారు. ఆయన ఒక గుక్క తాగాడు. ఇంకొక గుక్క తాగాడు.

"అల్లుడుగారూ, ఇందులో మా అమ్మాయి మీ ఇంటికి వచ్చిన ఏడు కూడా ఉందన్నమాట."

"ఉంది మామగారూ. విడదీయలేనంతగా ఉంది."

కీర్తిసింహుడు ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకున్నాడు. సుర ఘాటుగా ఉందన్నాడు. ఘాటుగానే ఉంది కానీ, దేనికది తాగినప్పుడు లేని కమ్మదనం ఏదో నాలుగూ కలిశాక వచ్చింది. ఒకదాని చేదుకు ఒకదాని తేనె తోడైంది. సభవారికి ఈసారి నిజంగానే గిన్నెలు ఇచ్చారు. వాళ్లు 'ఆహా' అనడం మరిచిపోయారు.

విందు అయ్యాక రాజుగారు తన బంగారు గిన్నెను గుండన్న చేతిలో పెట్టారు.

"నిజం చెప్పు. నాకు గుర్తుండదని నీకు ముందే తెలుసు కదూ?"

"తమరి నాలుక మరువదని తెలుసు మహారాజా. దాని వెనకాల ఉన్న తల సంగతి పోయినసారి తమరు మామగారిని పలకరించినప్పుడే తెలిసింది."

రాజుగారు మళ్లీ నవ్వారు. "ఇంకేం కావాలో కోరుకో."

"ఆ స్తోత్రపాఠకుణ్ణి వెనక్కి పిలవండి. తాతగారి కట్టడికి ఇంకొక ముక్క చేర్చండి. రోజూ పొద్దున్నే పెద్దమ్మతో పాటు తమరు కూడా మాళిగలోకి దిగి జాడీలను పలకరించాలి. ఒకరు మరిచినది ఇంకొకరు చెప్పవచ్చు. ఇద్దరూ మరిస్తే గంగాళం ఉండనే ఉంది."

స్తోత్రపాఠకుడు మాత్రం గుర్రాలను వదిలి రానన్నాడు. అవి తనను ఏమీ అడగవన్నాడు.

రాజుగారు మాట మీద నిలబడ్డారు. మరునాడు పొద్దున్నే కిరీటం లేకుండా, దీపం తానే పట్టుకుని, మాళిగ మెట్లు దిగారు. మాచమ్మ ముందు నడిచింది. మిడతలొచ్చిన ఏడు, వంతెన కట్టిన ఏడు అంటూ ఇద్దరూ వరసలు దాటారు. తిరిగి వస్తూ మళ్లీ పలకరిస్తుంటే ఒకచోట ఆమె తడబడింది. "రెండు తలల దూడ, అవ్వా," అందించారు రాజుగారు. "అవును కదూ," అందామె.

విందులో మిగిలిన, కలిపిన సురను ఒక జాడీలో పోసి, లక్క వేసి, చివరి వరసలో కూర్చోబెట్టారు. దానికి ఏం పేరు పెట్టాలని రాజుగారు అడిగారు. మాచమ్మ దాని పొట్ట మీద చెయ్యి వేసింది.

"మరుపు," అంది.

ఆ తరువాత ఆమె ఇంకా చాలాకాలం బతికింది. ఒక్కొక్క ఏడు ఒక్కొక్క పేరు జారిపోతూ వచ్చింది. ఏది జారినా రాజుగారు అందించేవారు. ఆ చివరి జాడీ దగ్గర మాత్రం ఆమెకు ఎవరూ ఏనాడూ పేరు అందించవలసిన అవసరం రాలేదు.