నేనే సంఘం అన్న రాజుగారు

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ ముఖం ముడుచుకుంటారు గనక చెప్పను, ప్రచండబాహు మహారాజు అనే ప్రభువు ఉండేవాడు. తాను తుమ్మినా అందులో లోకానికేదో మేలు ఉందని నమ్మే మనిషి. ఆయన తుమ్మితే చప్పట్లు కొట్టడానికి సభలో నలుగురికి జీతాలుండేవి.

ఆ రాజ్యానికి పేరు తెచ్చింది మాత్రం రాజు కాదు, గంజాయి జాతి పంట. అందులో రెండు రకాలు. నిటారుగా పెరిగేది నార రకం, దాంతో ఓడలకు తాళ్ళు పేనేవారు. గుబురుగా పెరిగేది ఆకు రకం, అది నొప్పుల మందుకని వైద్యులకు వెళ్ళేది. ఈ రెండూ కలిసిపోకుండా చూసేది నార సంఘం. మంచిదని తేలిన తాడుకు ఒక పచ్చదారం చుట్టేవారు. ఆకు మోపుకు ఎర్రదారం కట్టి, వైద్యుడికి తప్ప ఇంకెవరికీ ఇచ్చేవారు కాదు. పచ్చదారం కనిపిస్తే చాలు, రేవులో ఓడలవాళ్ళు మారుమాట లేకుండా తాడు కొనేవారు.

ఒక పండగనాడు రాజుగారు పట్టపుటేనుగు గజలక్ష్మి మీద ఊరేగుతున్నారు. సరిగ్గా అంగడివీధి మధ్యలో గజలక్ష్మి కూలబడింది. కళ్ళు అరమోడ్చి, తొండంతో రాజుగారి గొడుగు లాక్కుని, మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. మావటి బతిమాలాడు, అంకుశం చూపించాడు, చివరికి చెరుకుగడ చూపించాడు. ఏనుగు నవ్వినట్టే ఉందని చూసినవాళ్ళంతా ప్రమాణం చేసి చెప్పారు. మిట్టమధ్యాహ్నం దాకా మహారాజు నడివీధిలో అంబారీ మీద ఉండిపోయారు. ఒక గాజులమ్మి వచ్చి, "దొరా, ఖాళీగానే ఉన్నారు గదా, అంతఃపురానికి రెండు డజన్లు తీసుకోండి" అని బేరం కూడా పెట్టింది.

మర్నాడు సభలో మంత్రి వీరభట్టు లేచాడు. ఈ మంత్రికీ ఒక నార తోట ఉంది. అతని తాళ్ళకు సంఘం రెండుసార్లు పచ్చదారం ఇవ్వలేదు. ఆ మంట లోపలే పెట్టుకున్నాడు.

"మహాప్రభూ, ఏనుగు గంజాయి ఆకు తిన్నది. ఆకు తోటలకు కాపలా సంఘానిది గదా, మరి నేరం ఎవరిది? ఆ సంఘాన్ని రద్దు చేయండి."

"చేశాం" అన్నాడు రాజు. "ఇంతమంది కూడి చేసే పని నేనొక్కణ్ణి చేయలేనా? ఇవాళ్టి నుంచి నేనే సంఘం."

చప్పట్ల నలుగురూ చప్పట్లు కొట్టారు.

సంఘం పెద్ద నాంచారమ్మ సభ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. మూడు వందల కుటుంబాల బతుకు ఆ పచ్చదారం మీదే నడుస్తోంది మరి. రాజుగారి విదూషకుడు గవరయ్య వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఏడవకు నాంచారమ్మక్కా. రాజుగారు సంఘం తానే అన్నారు. కానీ సంఘం ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేదాయె. మనం చెబుదాం. నువ్వు మాత్రం అందర్నీ రేపు పొద్దున్నే పంపించు."

తెల్లవారేసరికి కోట ముందు జనం బారు తీరారు. ఒక రైతు తడి నార మోపు తెచ్చి సింహాసనం ముందు పడేశాడు. నానిన నార వాసన ఎలా ఉంటుందో చెప్పను, మీరు అన్నం తినాలి గదా.

"సంఘంగారూ" అన్నాడు రైతు వినయంగా, "ఇది ఇంకా రెండ్రోజులు నానాలా, చాలా? మా నాంచారమ్మ వాసన చూసి చెప్పేది."

రాజు ముక్కు మూసుకుని "చాలు" అన్నాడు.

"మూసుకుంటే తెలవదండీ" అన్నాడు రైతు.

తర్వాత ఆకు తోటలవాళ్ళు వచ్చారు. నార తోటల పుప్పొడి గాలికొచ్చి తమ పంట పాడుచేస్తోందని మొర పెట్టారు. "గాలిని ఆపండి" అని ఆజ్ఞ ఇచ్చాడు రాజు. గవరయ్య దాన్ని భక్తిగా తాటాకు మీద రాసి, కిటికీలోంచి గాలికి వినిపించి వచ్చాడు. వైద్యులు వచ్చి ఆకు చూడమన్నారు, నేతగాళ్ళు వచ్చి పోగులు చూడమన్నారు. సాయంత్రానికి రాజుగారి కిరీటం మీద కూడా నారే.

"రేపటితో ముఖ్యమైన పని ఒకటి అయిపోతుంది ప్రభూ" అన్నాడు గవరయ్య. "ఊయల పరీక్ష."

ఆ ఊయల సంగతి చెప్పాలి. నార నానబెట్టే గుంట మీద అడ్డదూలం ఒకటి ఉంది. కొత్త తాడుతో దానికి ఊయల కట్టి, సంఘం పెద్ద అందులో కూర్చుని ఏడుసార్లు ఊగాలి. తాడు నిలిస్తే పచ్చదారం. తెగితే గుంట. ఆ తాడు పేనించినవాడు, పడ్డవాళ్ళకు ఏడు రోజులు కుంకుడుకాయలు దంచి ఇవ్వాలి. ఇరవై ఏళ్ళలో నాంచారమ్మ మూడుసార్లు పడింది.

మర్నాడు రాజు గజలక్ష్మినెక్కి, బాకాలతో, గొడుగుతో గుంట దగ్గరికి వచ్చాడు. సంఘం పోయిందన్న సంబరంలో మంత్రి వీరభట్టు అందరికంటే ముందే తాళ్ళు నింపిన బండి తెచ్చి నిలబెట్టాడు. ఇక అడిగేవాళ్ళెవరున్నారని అతని ధీమా.

"మంచిది" అన్నాడు గవరయ్య. "తొలి తాడు మంత్రిగారిదే కడతాం. మహాప్రభూ, దయచేయండి."

రాజు నల్లగా బుడగలొస్తున్న గుంటను చూశాడు, జనాన్ని చూశాడు. నేనే సంఘం అన్న నోటితో వెనక్కి తగ్గడమెలా? పంచె ఎగ్గట్టి కాలు ముందుకు వేశాడు.

మంత్రి ముఖం తెల్లబడింది. తాడు సంగతి అతనికి తెలుసు. రాజు పడితే తన తల ఉండదు.

"వద్దు ప్రభూ" అని అడ్డం పడ్డాడు. "తమరు వద్దు."

"ఏం? తాడు మంచిది కాదా?"

"మంచిదే ప్రభూ. అంటే... తమంతటివారికి శ్రమ ఎందుకని."

"అయితే మంత్రిగారే ఊగుతారు" అన్నాడు గవరయ్య. "మంచి తాడేనని ఇప్పుడే సెలవిచ్చారు గదా."

వీరభట్టు ఊయల ఎక్కాడు. ఒకసారి ఊగాడు. రెండోసారి కళ్ళు మూసుకున్నాడు. మూడోసారి తాడు తెగింది. మంత్రిగారు తలపాగాతో సహా మునిగి, తలపాగా లేకుండా తేలారు.

నాంచారమ్మ తెగిన కొస విప్పి చూసింది. "నార రకంలో ఆకు రకం కాడలు కలిపి పేనారు దొరా. ఆ కాడల్లో సత్తువ ఉండదు. అందుకే మేము దారం ఇయ్యలేదు."

"మరి ఆ కాడల ఆకంతా ఎక్కడికి పోయిందో?" అన్నాడు గవరయ్య.

జవాబు గజలక్ష్మి చెప్పింది. సంఘంవాళ్ళ మోపులన్నీ దాటుకుని, తిన్నగా మంత్రిగారి బండి దగ్గరికి నడిచి, రేవులో దొంగచాటుగా అమ్ముకోవడానికి తాళ్ళ కింద దాచిన ఆకు మోపు తొండంతో లాగి, పాత స్నేహితుణ్ణి చూసినట్టు ముచ్చటపడింది. దానికి సంఘం కట్టే ఎర్రదారం లేదు. గజశాలకు మేత బండ్లు మంత్రిగారి తోటనుంచే వస్తాయని మావటి అప్పుడు నోరు విప్పాడు.

రాజు గుంటను చూశాడు, తన పట్టుపంచెను చూసుకున్నాడు. నవ్వు ఎక్కడో పొట్టలో మొదలై గొంతు దాకా వచ్చేసరికి గొడుగు పట్టినవాడు కూడా ఆగలేకపోయాడు.

"సంఘం ఎందుకో ఇప్పుడు తెలిసింది" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "మనం పడకుండా, మనకంటే ముందు ఆ ఊయల ఎక్కడానికి. నాంచారమ్మా, నీ పచ్చదారం నువ్వు తీసుకో. గవరయ్యా, నీకేం కావాలో అడుగు."

"ఎక్కువేం వద్దు ప్రభూ. సభలో నా పీట మంత్రిగారి పక్కనే ఉంది. ఓ వారం పాటు దాన్ని గుమ్మం బయట వేయించండి, చాలు."

రాజు మళ్ళీ నవ్వి, పీటతో పాటు వెయ్యి వరహాలూ ఇప్పించాడు. ఇక సంఘం కట్టుబాటు ప్రకారం కుంకుడుకాయలు దంచాల్సింది తాడు పేనించినవాడు, తల రుద్దుకోవాల్సింది పడ్డవాడు. ఏడు రోజులూ వీరభట్టు పెరట్లో కూర్చుని, తన కుంకుళ్ళు తానే దంచుకున్నాడు.