నూకాలు పేనిన నిచ్చెన

ఎప్పటి మాట అని నన్నడక్కండి. నాకు చెప్పినవాళ్లూ చెప్పలేదు. ఉప్పుటేటి పక్కన కొబ్బరితోటల ఊరొకటి ఉండేది. ఆ ఊళ్లో నూకాలు అనే ముసలమ్మ ఉండేది. పీచు తడిపేది, కొట్టేది, తాడు పేనేది. తడిపేది, కొట్టేది, పేనేది. అంతే ఆవిడ బతుకు. అక్షరమ్ముక్క రాదు.

ఆవిడకున్నది ఒక్కతే మనవరాలు, దాలమ్మ. ఊరి బడిలో పదో తరగతి చదివేది. ఆ పదో తరగతికే ముప్పొచ్చింది. పైఅధికారి ఒకాయన వచ్చి, "ఈ పిల్లలకి సైన్సు ఒక్క ముక్క రాదు. నెల్లాళ్లకి మళ్లీ వస్తా. డీఎన్ఏ ఎలా ఉంటుందో పిల్లలే చేసి చూపించాలి. లేదా పదో తరగతి ఎత్తేస్తా" అన్నాడు. ఎత్తేస్తే ఏరు దాటి వెళ్లాలి. ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు? దాలమ్మ చదువు అక్కడితో సరి. ఆ రోజు నూకాలుకి ముద్ద దిగలేదు.

సన్యాసిరావు మేష్టారు బోర్డు మీద బొమ్మ గీశారు. పిల్లల బుర్రకెక్కలేదు. బంకమట్టి ఉండల్ని పుల్లలకి గుచ్చారు. కూలిపోయింది. అట్టముక్కలు అంటించారు. వానకి నాని ఊడిపోయింది. మేష్టారు తల పట్టుకున్నారు.

బడి బావికి తాడు తెచ్చిన నూకాలు అది చూసింది.

"ఏటి మేష్టారూ, ఏటిది?"

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండే నిచ్చెన, నూకాలమ్మా. రెండు తాళ్లు, మధ్యలో మెట్లు, అంతా మెలితిరిగి ఉంటుంది. తల్లి పోలిక బిడ్డకొచ్చేది దీంతోనే."

"ఓలమ్మ! తాళ్ల నిచ్చెనకి మట్టి దేనికి బాబూ? నాను సచ్చేనా ఏటి?"

పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి పీచు చేతికిచ్చింది. అరచేతులు ఎర్రబడ్డాయి. కొబ్బరి ఈనెలు మెట్లయ్యాయి. మెట్టుకి రెండు సగాలు, మధ్యలో దారం ముళ్లు. సగానికో రంగు గుడ్డపేలిక. నాలుగు రంగులకీ నాలుగు పేర్లు: అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. నూకాలుకి నోరు తిరగలేదు. ఎవరికి ఎవరు జతో చెప్పమంది.

"అడినిన్‌కి ఎప్పుడూ థైమినే, రెండు ముళ్లు. గ్వానిన్‌కి ఎప్పుడూ సైటోసినే, మూడు ముళ్లు" అన్నారు మేష్టారు.

"అలా సెప్పండి! అడినోళ్లకి తైమినోళ్లు వియ్యం. గోనినోళ్లకి సైటోళ్లు వియ్యం. ఇంకో గుమ్మం తొక్కరు. మరి ఈ అడినోళ్లేటి బాబూ, రెండు ముళ్లకే పెళ్లయిపోనాదా?"

పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ నవ్వులోనే పాఠం వచ్చేసింది. చివర్న నిచ్చెనకి నూకాలే పురి పెట్టింది.

అధికారి వచ్చాడు. నిలబడి చూశాడు. చుట్టూ తిరిగి చూశాడు. వంగి చూశాడు.

"పురి ఎడమకి తిరిగింది. డీఎన్ఏది కుడిపురి. ఇది తప్పు."

కిటికీ బయట నుంచి చూస్తున్న నూకాలు లోపలికొచ్చేసింది. "నాది పుర్రసెయ్యి బాబూ! నాను ఏటి పేనినా అటే తిరుగుద్ది. తప్పు నాది, పిల్లల్ది కాదు. ఆళ్ల కలాసు తియ్యకండి!"

అధికారి నిచ్చెన విప్పించాడు. ఒక తాడు తీసి, దానికున్న మెట్ల సగాలతో సహా వీపు వెనక దాచాడు. "రెండోది మీరే అల్లండి. ఈసారి కుడిపురితో."

దాలమ్మ మిగిలిన తాడు అందుకుంది. "ఎరుపు. అడినోళ్లు. వియ్యమెవరు?"

"తైమినోళ్లు!" అన్నారు పిల్లలు.

"పసుపు. గోనినోళ్లు. వియ్యమెవరు?"

"సైటోళ్లు!"

అలా మెట్టుమెట్టుకీ అడిగింది, మెట్టుమెట్టుకీ చెప్పారు, పేలిక కట్టారు. అందరూ కలిసి కుడికి పురి తిప్పారు. అధికారి తను దాచిన తాడు తీసి, కొత్తదాని పక్కన పెట్టి చూశాడు. పైనుంచి కిందిదాకా ఒక్క పేలికా తేడా లేదు.

"పదో తరగతి ఉంటుంది" అన్నాడు.

హమ్మయ్య! మేష్టారు కుర్చీలో కూలబడ్డారు. నూకాలు గుమ్మంలోనే చతికిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

"లే మామ్మా, ఇంటికెళ్దాం" అంది దాలమ్మ.

"కాళ్లు రాట్లేదే. సంతోసం తగ్గనీ, కాసేపు కూకుంటాను."

నూకాలు పోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. కానీ ఆ బడిలో ఇప్పటికీ ఆ పాఠం వస్తే ముందు పుస్తకం తెరవరు, పీచు తడుపుతారు. వియ్యాలు పాడుకుంటూ పేనుతారు. లెక్క తప్పినా, కూరలో ఉప్పెక్కువైనా, ఆ ఊళ్లో పిల్లల్ని తిట్టరు. "నూకాలు పురి పడిందిలే" అంటారు. "విప్పి మళ్లీ తిప్పు."