మంచె దిగని సుంకన్న

ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా చెప్పులు వేసుకోవడం చర్మవైద్యులు విరూపాక్షయ్యగారి అలవాటు. ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న భ్రమరాంబ ఆ రోజు ఊరికే అడగలేదు, పెట్టె సర్దుకుని మరీ అడిగింది.

"గురువుగారూ, నా మణికట్టు మీద ఎగ్జిమా ఆరుసార్లు తగ్గింది, ఆరుసార్లూ అదే చోట లేచింది. తగ్గిన చర్మంలోనే పాత పోరు మరవని రక్షణ కణాలు మకాం వేసి ఉంటాయని పుస్తకంలో చదివాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా ఒళ్ళే నామీద ఇంత పగబడితే ఎలా? నా చెయ్యి చూసి రోగులే జడుసుకుంటుంటే ఇంక నేనేం వైద్యం చేసేది?"

ఆయన ఆమెను ఊరవతల మద్దిలేటి అనే రైతు జొన్నచేనికి తీసుకెళ్ళారు. కోత అయి ఇరవై రోజులైంది. చేలో కొయ్యకాళ్ళు తప్ప ఏమీ లేవు. అయినా మంచె మీద కావలి ముసలాయన సుంకన్న వడిసెల తిప్పుతూనే ఉన్నాడు. వీళ్ళు గట్టెక్కగానే ఒక రాయి వచ్చి భ్రమరాంబ కాళ్ళ ముందు పడింది.

గట్టు మీద మద్దిలేటి గొడ్డలి పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మూడేండ్ల కిందట పందులు పడి ఒక్క తెల్లారుజామున చేనంతా ఊడ్చేసినాయి సామీ. అప్పట్నుంచి ఆకు కదిలితే సాలు, రాయే. పొద్దున నా పెండ్లానికే తగిలె. పంట ఇంటికొచ్చిందని మనిషితో చెప్పి పంపితే దిగడంట! మంచె నరికేస్తా."

"నరుకు. వచ్చే ఏడు పందుల్ని నువ్వే కొట్టుకో" అన్నారు విరూపాక్షయ్యగారు. "ఆ మాట చెప్పడానికి నువ్వెళ్ళావా?"

మద్దిలేటి గొడ్డలి దించాడు. కోత కాగానే చేనుగలవాడు కొత్తజొన్న రొట్టె తీసుకుని తానే వెళ్ళి కావలివాణ్ణి మంచె దింపడం ఆ ఊరి ఆచారం. ఈసారి పంట విరగపండింది, ఆ సంబరంలో పంట దక్కించినవాణ్ణే మరిచిపోయాడు. మనిషి బుద్ధి ఎంతటిదో చూడండి! సిగ్గుపడి ఇంటికి పరుగెత్తి రొట్టె తెచ్చాడు.

"సుంకన్నా, పంట ఇల్లు చేరింది. అంతా నీ చలవే. ఇంక దిగన్నా."

వడిసెల ఆగింది. సుంకన్న మెల్లగా దిగి, రొట్టె కళ్ళకద్దుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నువ్వొచ్చి చెప్పినావు, సాలప్పా" అన్నాడు.

భ్రమరాంబకూ కన్నీళ్ళు ఆగలేదు. ఇన్నేళ్ళూ తిట్టిపోసిన మణికట్టును మొదటిసారి గోరు తగలకుండా నిమిరింది. తన కోసం లోపల ఎవరో ఇంతకాలం మేలుకుని ఉన్నారనిపించి, వాళ్ళకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

"రోగులు వచ్చి కూర్చుని ఉంటారు, పదండి గురువుగారూ" అంది. నాలుగడుగులు నడిచాక అనుమానం వచ్చింది. "రేపు ఆకు కదిలితే మళ్ళీ మంచె ఎక్కుతాడేమో?"

"ఎక్కుతాడమ్మా" అన్నారాయన. "విసుక్కోకుండా మళ్ళీ వెళ్ళి చెప్పాలి."