గోడ మీద బ్రహ్మరాత

మల్లెగిరి రాజు చెన్నభూపతికి ఒక వేసవి ఉదయం నిండు సభలో కొత్త సందేహం వచ్చింది. ఎదుటి తెల్లగోడ మీద వెలుగు గీతలు, సున్నాలు, కొక్కేలు మెరుస్తున్నాయి. ఇదేం రాతో ఎవరైనా చదివి చెప్పాలన్నాడు.

ఆస్థాన జ్యోతిష్కుడు శంభుసిద్ధాంతి కళ్లు మూసి తెరిచి, అది బ్రహ్మదేవుడు స్వయంగా రాసిందన్నాడు. విదూషకుడు దోనయ్య పొద్దుగూకేలోగా రాజ్యం దాటకపోతే పంటలు ఎండిపోతాయని అందులో ఉందట.

సిద్ధాంతి పెట్టిన ముహూర్తానికి పెళ్లివారంతా వానలో తడిసి ముద్దయ్యారని ఇదే సభలో చెప్పి నవ్వించింది దోనయ్యే.

రాజుకు దోనయ్య అంటే ఇష్టం. కానీ పంటల మాట వచ్చాక ఏం చేస్తాడు? మూట కట్టుకోమన్నాడు.

అందరూ గోడ చూస్తుంటే దోనయ్య కిటికీ చూశాడు. దానికి ఓడ వర్తకులిచ్చిన గాజు పలక ఉంది. పక్కన వట్టివేళ్ల తడిక. చల్లదనానికి నౌకర్లు తడిక మీద నీళ్లు చల్లినప్పుడు కొన్ని చుక్కలు గాజు మీదా పడ్డాయి. ఒక్కో చుక్కలో ఎండ వంగి, పోగై, గోడ మీద ఒక్కో కొక్కెమవుతోంది. ఎన్ని చుక్కలో అన్ని అక్షరాలు. లెక్క సరిపోయింది.

అతను మూటతో తిరిగొచ్చేసరికి చుక్కలు ఆరిపోయాయి. గోడ ఖాళీ. బ్రహ్మ మనసు మారిందేమో, అందరూ కళ్లు మూసుకుని ఒకసారి ప్రార్థించండని వేడుకున్నాడు. సభ కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి గోడ నిండా కొత్త గీతలు.

సిద్ధాంతి గబగబా చదివాడు. పొద్దుగూకేదాకా కూడా ఆగొద్దట, ఇప్పుడే వెళ్లాలట.

"సిద్ధాంతిగారూ, ఇది పొద్దున రాసిన చెయ్యేనా? వేరెవరైనా రాసుంటే నేను అన్యాయమైపోతాను."

"బ్రహ్మగారి దస్తూరీ నాకు తెలియదటయ్యా? నా పల్లకీ పందెం."

దోనయ్య కిటికీ దగ్గరికి నడిచి, నౌకర్ల నీళ్లకుండలో చెయ్యి ముంచి, గాజు మీద విదిలించాడు. గోడ మీద మరో వరస వెలిగింది. వేళ్లు పైపంచెకు తుడుచుకుంటూ రాజుతో అన్నాడు:

"ప్రభూ, సాక్షాత్తూ బ్రహ్మను వెళ్లగొట్టిన పాపం మీకెందుకు?"

రాజు గోడను, కిటికీని, సిద్ధాంతిని వరసగా చూశాడు. ఆ తరవాత సింహాసనం పట్టుకుని మరీ నవ్వాడు.

వాకిట్లో బోయీలు సిద్ధాంతి పల్లకీ ఇక ఎవరికని అడిగారు.

"బ్రహ్మగారికి," అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ.