ఆముదం పట్టించిన పట్టీలు

మల్లుదాసు గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు "ఆ సంగతేదో ఇక్కడికి పట్టుకురా, చూద్దాం" అనేవారు. బావిలో నీళ్లు ఉప్పెక్కాయని ఒకడు వాపోతే చెంబుడు నీళ్లు తెమ్మన్నారు. కోడలు మాట వినడం లేదని ఒకావిడ మొత్తుకుంటే కోడల్ని వెంటబెట్టుకు రమ్మన్నారు. పొలం గట్టు తగాదాతో వచ్చిన రైతును చూసి, ఇతను గట్టునెలా మోసుకొస్తాడో అని మేం నవ్వుకుంటూ ఉంటే, తువ్వాలు భుజాన వేసుకుని ఆయనే గట్టు దగ్గరికి బయల్దేరారు. వస్తువు ఎదురుగా లేకుండా మాట్లాడటం ఆయనకు గిట్టదు.

రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. సోమవారం సాయంత్రాలు మార్కెట్ యార్డు వెనక రేకుల షెడ్డులో తత్వాలు పాడేవారు, అడిగినవాళ్లకు రెండు మాటలు చెప్పేవారు. వెళ్లే కొద్దిమందిలో నేనొకణ్ణి. నాది బస్టాండు ఎదురుగా టిఫిన్ హోటలు. నాకు వాదన లేకపోతే ముద్ద దిగదు, ఆయనకు వాదనంటే పడదు. మరి ఎందుకు వెళ్లేవాణ్ణంటే, ఏమో, వెళ్లకపోతే వారమంతా ఏదో వెలితిగా ఉండేది.

ఒక సోమవారం సౌభాగ్యం లేచి అడిగింది. "అయ్యా, చేతికొచ్చే సరుకు ఒక్కోసారి ఒక్కోలా ఉంటే, ఇచ్చిన మాట ఎప్పుడూ ఒకేలా నిలబెట్టుకోవడం ఎట్లా?"

సౌభాగ్యం చెప్పులు కుట్టే మనిషి. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. ఇంటి పక్కనే చిన్న పాక వేసుకుని, ఆడబిడ్డ రాహేలునీ, ఎదురింటి కోటమ్మనీ తోడు పెట్టుకుంది. వాళ్లు కుట్టేవి బజారు చెప్పులు కావు. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ పోయినవాళ్లు ఉంటారు కదా, వాళ్లకు మేకు దిగినా తెలియదు, పుండు పడినా తెలియదు. తెలిసేసరికి వేలో, పాదమో తీసేయాల్సి వస్తుంది. అలాంటివాళ్లకు పంచడానికి ఒక ధర్మాసుపత్రి సౌభాగ్యం చేత చెప్పులు కుట్టిస్తోంది. కింద మెత్తటి రబ్బరు, పైన అంతకన్నా మెత్తటి తోలు పట్టీలు. ఆ ఆర్డరు మీదే మూడిళ్లలో పొయ్యి వెలుగుతోంది.

"సరుకంటే ఏంటమ్మా?" అన్నారు మల్లుదాసు గారు.

"తోలయ్యా. పోయినసారి వచ్చింది వెన్నలా ఉంది. సరిగ్గా అదే కావాలని చెప్పి తెప్పించుకుంటే, ఈసారి వచ్చింది అట్టముక్క. ఒకచోట మందం, ఒకచోట పల్చన. తోళ్ల కొట్టు జిలానీ భాయ్‌ని అడిగితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? పెద్ద కంపెనీలవాళ్లు లాట్లకు లాట్లు ఎత్తుకుపోగా మిగిలింది ఆయనకొస్తుంది, ఆయన దగ్గర మిగిలింది నాకొస్తుంది. 'నీకు కావాల్సింది నాలుగు తోళ్లు తల్లీ, నాలుగు తోళ్ల కోసం ఎవడు విడిగా ఊనిపెడతాడు?' అంటాడు. ఆ మాటా నిజమే." పచ్చితోలును పనికొచ్చేలా శుద్ధి చేయడాన్ని వాళ్లు ఊనడం అంటారు.

నేనూరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "ఇందులో వింతేముందమ్మా? నా ఇడ్లీ పిండి ఒకరోజు పొంగుతుంది, ఒకరోజు పొంగదు. నేనేమైనా వచ్చి ఇక్కడ అడుగుతున్నానా?"

"మీ పిండి మీరే రుబ్బుకుంటారు బాబాయ్. నా తోలు ఏ ఊళ్లో ఎవరు ఊనారో కూడా నాకు తెలియదు" అంది సౌభాగ్యం.

మల్లుదాసు గారి అలవాటు తెలిసిన మనిషి కాబట్టి సంచీ వెంట తెచ్చుకుంది. మూడు పట్టీలు తీసి ఆయన ముందు చాప మీద పెట్టింది. మొదటిది పాత తోలు, వేలికి చుడితే వేలి మీదే ఉండిపోయింది. రెండోది కొత్త తోలు, వంచితే పటుక్కుమని చప్పుడు చేసింది. మూడోది కూడా ఆ కొత్త తోలేనట, కానీ పట్టుకుంటే మొదటిదానికీ దానికీ తేడా లేదు. మేమంతా ఒకరి చేతిలోంచి ఒకరం అందుకుని బొటనవేలికి చుట్టి చూశాం. చెప్పులు కుట్టేవాళ్లు తోలును అలాగే చూస్తారు. మొదటిదేదో మూడోదేదో నాకైతే తెలియలేదు, మల్లుదాసు గారికీ తెలియలేదు.

"ఆముదం వెచ్చబెట్టి పట్టించామయ్యా" అని చెప్పింది సౌభాగ్యం. "పట్టించడం, ఎండలో పెట్టడం, గుంజకేసి లాగడం, మళ్లీ పట్టించడం. మా ముగ్గురి చేతులూ బొబ్బలెక్కాయి. సగం జతలు పాత తోలుతో అయిపోయాయి, మిగతా సగానికి ఇదే ఉంది. ఆసుపత్రివాళ్లు పట్టి చూసినా కనిపెట్టలేరు. వేసుకునేవాళ్లకు కాలే తెలియదు, ఇక తోలేం తెలుస్తుంది? అనుకున్న రోజుకు ఇవ్వకపోతే ఆర్డరు పట్నం కంపెనీకి పోతుంది. వాళ్లు రెగ్జిన్‌తో కుట్టేస్తారు. రాహేలూ కోటమ్మా మళ్లీ మిరపకోతలకు పోవాలి. ఇదంతా నాకు తెలుసు. అయినా పంపడానికి చెయ్యి రావట్లేదయ్యా. పంపొచ్చా, పంపకూడదా?"

"పంపెయ్యమ్మా!" అన్నాను నేను. "చేతికి మెత్తగా ఉన్నది కాలికి మాత్రం గట్టిగా ఎందుకుంటుంది? మంచికి పోయి కూడు పోగొట్టుకుంటావా?" షెడ్డులో సగంమంది తలలూపారు. ఆ పిల్ల పడే కష్టం అందరం చూస్తున్నదే, దాని ఆర్డరు పోవాలని ఎవరికుంటుంది?

మల్లుదాసు గారు నా మాటకు అవుననలేదు, కాదనలేదు. "నీ కాలి కొలతకు ఒక జత కుట్టుకోమ్మా. ఎడమకు పాత తోలు, కుడికి ఆముదం పట్టించిన కొత్త తోలు. వచ్చే సోమవారం దాకా అవే వేసుకు తిరుగు" అన్నారు.

సౌభాగ్యం ముఖం మారిపోయింది. ఆయన ఇంకేమన్నా అని ఉంటే అంత బాధపడేది కాదనుకుంటాను. "జతకు రెండు తోళ్లా అయ్యా? మా ఇళ్లలో ఎడమ పట్టీ, కుడి పట్టీ ఒకే తోల్లో పక్కపక్కన కోస్తాం. అలా కొయ్యకపోతే అది జతే కాదంటాం. మా నాన్న ఉంటే చెయ్యి విరగ్గొట్టేవాడు."

"మీ నాన్నకు నేను చెప్పుకుంటాలే" అన్నారాయన. అందరం నవ్వాం, సౌభాగ్యం కూడా నవ్వింది. ఆ రాత్రే కుట్టుకుందని తర్వాత రాహేలు చెప్పింది.

ఆ వారం రోజూ పొద్దున్నే సౌభాగ్యం మా హోటలు ముందు నుంచే జిలానీ భాయ్ కొట్టుకు వెళ్లేది, ఇంకేమైనా మంచి తోలు దిగిందేమోనని. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునే దాని కాళ్లు చూసేవాణ్ణి. చకచకా నడిచేది. "ఏమ్మా, ఎట్లా ఉన్నాయి?" అంటే "బాగున్నాయి బాబాయ్" అనేది. నాకు మహా సంబరంగా ఉండేది. సోమవారం నాడు గురువు గారి ఎదుట ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. ఇంతలో ఒక మధ్యాహ్నం పెద్ద వాన పడింది. బస్టాండంతా మోకాలిలోతు నీళ్లు. ఆ మర్నాడు నెత్తి మాడిపోయే ఎండ. ఆ ఎండలో సౌభాగ్యం వస్తూ కనిపించింది. ఎడమకాలికి చెప్పుంది, కుడి చెప్పు చేతిలో ఉంది. "ఏమైందే?" అని అరిచాను. "కరిచింది బాబాయ్" అని మాత్రం చెప్పి తల దించుకుని పోయింది. పిలిచినా ఆగలేదు. ఆ పూట గల్లాపెట్టె దగ్గర నాకు ఏ పనీ తోచలేదు.

ఆ ఆర్డరు సంగతి ఏమైందో ఇప్పుడే చెప్పేస్తాను, చివరిదాకా దాచుకోవడం నాకు చేతకాదు. సౌభాగ్యం పాత తోలుతో కుట్టిన సగం జతలే ఆసుపత్రికి ఇచ్చింది. మిగతా సగం ఎందుకు ఇవ్వడం లేదో తనే వెళ్లి చెప్పుకుంది. వాళ్లు విసుక్కున్నారు, ఆ సగం పట్నం కంపెనీకి ఇచ్చారు. తర్వాతి ఆర్డరు సౌభాగ్యానికి సగమే వచ్చింది. కోటమ్మ ఆ ఏడు మిరపకోతలకు పోయింది. తోలు ఇప్పటికీ దాని ఇష్టమొచ్చినట్టే వస్తోంది. ఇదంతా మంచికే జరిగిందని ఎవరైనా నా హోటల్లో కూర్చుని అంటే, వాళ్లకు కాఫీ పొయ్యను.

ఇక ఆ సోమవారం సంగతి. సౌభాగ్యం కుంటుతూ వచ్చి, కుడి చెప్పు మల్లుదాసు గారి ముందు పెట్టింది. ఆముదం ఏమైపోయిందో ఏమో, వానకు తడిసి ఎండకు ఎండిన ఆ పట్టీ ఎండు అరటిదొప్పలా బిగుసుకుపోయి ఉంది. కుడికాలి చిటికెన వేలి పక్కన బొబ్బ లేచి, చితికి, ఎర్రగా ఉంది. అనుకుని పెట్టుకున్న మాటలు వదిలేసి, పక్కకు జరిగి దానికి కూర్చోవడానికి చోటిచ్చాను.

"నా చేతుల్నే మోసం చేసిందయ్యా ఈ తోలు" అని ఏడ్చేసింది సౌభాగ్యం. "ఇన్నేళ్ల నుంచి తోలు పట్టుకుంటున్నాను, బొటనవేలికి చుడితే ఎట్లాంటి తోలో చెప్పేదాన్ని. నేను చేసిన తప్పేంటి? మంచి తోలు దొరికితే ఈ ఆముదాలూ ఈ తిప్పలూ నాకెందుకు?"

"నీ తప్పేం లేదమ్మా" అన్నారాయన. "నీకు దొరికింది అది. దాన్ని మంచి చెయ్యాలనే చూశావు. నీలా ఎవరు కష్టపడతారు?" ఆ మాట ఆయన ఊరికే ఓదార్చడానికి అనలేదు. ఆయన కళ్లలోనూ నీళ్లున్నాయి. కూజా తెమ్మని, సౌభాగ్యం కాలు తన ఒళ్లోకి తీసుకున్నారు.

"అయ్యయ్యో, వద్దయ్యా! మీరు నా కాలు పట్టుకోవడమేంటి?" అని వెనక్కి లాక్కోబోయింది. ఆయన వదల్లేదు. ఆ కాలి మీద నీళ్లు పోసి, పుండు చుట్టూ మెల్లగా తుడిచి, భుజం మీది తువ్వాలు చింపి కట్టు కట్టారు. షెడ్డు బయట ఎవరో లారీ హారను కొట్టి పోయారు.

కట్టు ముడి వేస్తూ అడిగారు. "చెప్పు ఎప్పుడు విప్పావమ్మా?"

"అప్పుడేనయ్యా. బస్టాండు దాటుతుంటే ప్రాణం పోయినంత పనైంది. కరిచిందని తెలియగానే విప్పేశాను."

మల్లుదాసు గారు దాని పాదం జాగ్రత్తగా చాప మీదికి దింపారు.

"నీకు తెలిసింది గనక విప్పావు తల్లీ" అన్నారు.