కొండెక్కిన ఫిరంగి

మా రాజ్యంలో నన్ను మించిన వడ్రంగి లేడు. నేను తప్ప వేరే వడ్రంగే లేడనుకోండి.

కొండమీది కోటకి ఫిరంగి లాగేందుకు తాడు చుట్టే దుంగ చేయమన్నాడు సేనాపతి. నేను చేసిన సన్నటి దుంగ చూసి మండిపడ్డాడు.

"ఏరా చిట్టెయ్యా! లావు దుంగైతే ఒక్క చుట్టుకి బారెడు తాడు లాగేది. దీనికి జానెడే! పొద్దుగూకేలోగా ఫిరంగి పైకెక్కకపోతే నిన్ను ఊళ్లోంచి తరిమేస్తా!"

"గుర్రమైనా ఈ కొండని దౌడు తీస్తూ ఎక్కదు దొరా, అడుగులో అడుగేసుకుంటూ ఎక్కుతుంది. సన్న దుంగ నిదానమే గానీ, తిప్పేవాడికి బరువు తెలీదు. కావాలంటే మీరే తిప్పి చూడండి."

భటులందరూ చూస్తుండగా సేనాపతి మీసం దువ్వి దుంగ పిడి తిప్పాడు. ఫిరంగి కదిలింది! "చూశార్రా నా బలం!" అంటూ, అది పొద్దుండగానే కోట చేరేదాకా పిడి ఇంకెవరికీ ఇవ్వలేదు.

నిజం చెప్పనా? నేనూ లావు దుంగే మొదలుపెట్టాను. చెదలు తిన్న మేర చెక్కేస్తే మిగిలింది అంతే.